కొలవని అంకెకు పట్టా ఇవ్వకండి: పరిశోధన మండళ్లకు బహిరంగ లేఖ

విశ్వవిద్యాలయాల పరిశోధన మండళ్ల సభ్యులకు, పరిశోధన నిధులు మంజూరు చేసే నిపుణుల సంఘాలకు నమస్కారాలతో,

మందు అణువులు ప్రొటీన్లను ఎలా అంటిపెట్టుకుంటాయో కంప్యూటరు మీద లెక్కగట్టడం నా వృత్తి. హైదరాబాదులో ఇరవై ఏళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను. ఈ కాలంలో విద్యార్థిగా వైవాలో కూర్చున్నాను, గైడుగా థీసిస్‌లు దిద్దాను, పరీక్షకుడిగా సంతకాలు పెట్టాను. ఈ లేఖలో నేను తప్పుపట్టబోయే అలవాటులో నాకూ వాటా ఉంది కాబట్టి, దీన్ని లోపలివాడు ఇస్తున్న సాక్ష్యంగా చదవమని మనవి.

విషయం ఇది. ఫార్మసీ కళాశాలల్లోనూ, విశ్వవిద్యాలయాల రసాయన, బయోటెక్నాలజీ విభాగాల్లోనూ ‘మాలిక్యులర్ డాకింగ్’ పేరుతో వస్తున్న ఎం.ఫార్మ్ ప్రాజెక్టుల్లో, పీహెచ్‌డీ థీసిస్‌లలో నా చేతికి వచ్చిన చాలావాటిలో ఒక్క అణువును కూడా పరీక్షనాళికలో పెట్టి చూసిన దాఖలా లేదు. కంప్యూటరు ఇచ్చిన అంకె ఉంటుంది, రంగురంగుల బొమ్మ ఉంటుంది, చివరి అధ్యాయంలో ‘ఈ అణువు శక్తిమంతమైన మందు కాగలదు’ అన్న తీర్మానం ఉంటుంది. అటువంటి తీర్మానాన్ని కొలత లేకుండా ఫలితంగా ఆమోదించవద్దనీ, కొలిచేందుకు కావలసిన డబ్బును ప్రాజెక్టు బడ్జెట్‌లోనే కేటాయించమనీ అడగడానికే ఈ లేఖ.

మండళ్లలో ఇతర శాస్త్రాలవారూ ఉంటారు కనుక డాకింగ్ అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. రోగంతో సంబంధమున్న ప్రొటీన్‌లో గుంట వంటి చోటు ఒకటి ఉంటుంది. ఎంజైమ్ అయితే దాని పని జరిగేది అక్కడే. ఆ గుంటలో మన అణువు ఏ వాలులో, ఏ మలుపులో ఇముడుతుందో వేల భంగిమల్లో వెతికి, ప్రతి భంగిమకూ స్కోరు వేసి, అన్నిటికన్నా తక్కువ శక్తి గలదాన్ని పైన నిలబెట్టే ప్రోగ్రామే డాకింగ్. 1982లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇర్విన్ కుంట్జ్ బృందం ఈ పద్ధతిని మొదటిసారి ప్రచురించింది. నేటి విద్యార్థులు ఎక్కువగా వాడే ఆటోడాక్ వైనా 2010లో వచ్చింది, ఉచితం. ప్రొటీన్ల త్రిమితీయ నిర్మాణాలను భద్రపరిచే ప్రొటీన్ డేటా బ్యాంక్ 1971లో ఏడు నిర్మాణాలతో మొదలై ఇప్పుడు రెండు లక్షలు దాటింది, అదీ ఉచితమే. మామూలు లాప్‌టాప్ మీద ఒక అణువుకు పట్టేది నిమిషాలు. కరెంటు పోకపోతే వారం రోజుల్లో వంద అణువుల పట్టిక తయారవుతుంది. ఈ సౌలభ్యం జిల్లా కేంద్రంలోని చిన్న కళాశాలకు వరమే. చిక్కంతా ఆ పట్టిక ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో అన్న దగ్గర వస్తుంది.

కిందటి సంవత్సరం ఒక విద్యార్థిని తన పట్టికతో నా దగ్గరికి వచ్చింది. మొదటి వరుసలో స్కోరు మైనస్ 11.2 (మోల్‌కు కిలోకేలరీల్లో; ఎంత తక్కువైతే పట్టు అంత బలమని లెక్క). ముఖంలో సంతోషం దాగడం లేదు. ‘అమ్మా, ముందు మెథోట్రెక్సేట్‌ను కూర్చోబెట్టి చూపించు, తరువాత నీ అణువుల సంగతి చూద్దాం’ అన్నాను. ఆమె పనిచేస్తున్న ఎంజైమ్ డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్, కణాలు ఫోలిక్ ఆమ్లాన్ని (ఫోలేట్‌ను) వాడుకోవడానికి కావలసినది. కేన్సర్ మందు మెథోట్రెక్సేట్ దాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో, ఎలా పట్టుకుంటుందో స్ఫటిక నిర్మాణాల్లో కళ్లారా చూడగలం కాబట్టి అది మంచి పరీక్ష.

మెథోట్రెక్సేట్ తెలుగువారికి పరాయిది కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్నప్పుడు ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అణువులు అక్కడ తయారయ్యాయి. వాటిలో అమినోప్టెరిన్‌తో పసిపిల్లల ల్యుకేమియా తాత్కాలికంగా ఉపశమించిందని సిడ్నీ ఫార్బర్ 1948లో వెల్లడించారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఫోలిక్ ఆమ్లానికీ దీనికీ తేడా రెండే చోట్ల: ఒకచోట ఆక్సిజన్ స్థానంలో అమైన్, ఇంకొకచోట అదనంగా ఒక మిథైల్. ఇంత పోలిక ఉన్నవి ఎంజైమ్‌లో ఒకేలా కూర్చుంటాయని ఎవరైనా అనుకుంటారు. స్ఫటిక నిర్మాణాలు వచ్చాక తేలింది వేరు. మెథోట్రెక్సేట్‌కు ఒక కొసన ఉండే టెరిడిన్ అనే జంట వలయం, ఫోలేట్ వలయంతో పోలిస్తే పూర్తిగా బోర్లా తిరిగి కూర్చుంటుంది. ఆ వలయంలోని ఒక నైట్రోజన్ గుంటలో ప్రోటాన్‌ను తీసుకొని ధనావేశం పొంది, ఎదురుగా ఉన్న ఆమ్లంతో జత కడుతుంది. ఆ ఆమ్లం బాక్టీరియా ఎంజైమ్‌లో ఆస్పార్టేట్, మనిషి ఎంజైమ్‌లో గ్లుటామేట్.

నా విద్యార్థిని ఫైలులో ఆ ప్రోటాన్ లేదు. సాఫ్ట్‌వేర్ అడగలేదు, ఆమె పెట్టలేదు. ఫలితంగా తెర మీద వలయం ఫోలేట్ కూర్చున్నట్లే, అంటే తలకిందులుగా కూర్చుంది. స్కోరు మాత్రం దివ్యంగా వచ్చింది. ఒక్క హైడ్రోజన్ పరమాణువు మరిచిపోతే డెబ్భై ఏళ్లుగా ఆస్పత్రుల్లో వాడుతున్న మందే తప్పు భంగిమలో కూర్చుంటే, ఇంతవరకూ ఎవరూ పరీక్షించని మొక్కల అణువులు సరిగ్గా కూర్చున్నాయని నమ్మడానికి ఆధారమేమిటి? ఆమె అరగంట మాట్లాడలేదు. తరువాత వంద అణువులనూ మళ్లీ తయారుచేసింది. మొదటి పట్టికలో పైన ఉన్న పది అణువుల్లో నాలుగే రెండో పట్టికలో పైన నిలిచాయి.

భంగిమ సరిగ్గా వచ్చినా స్కోరును బలంగా నమ్మలేము. అణువు ప్రొటీన్‌లోకి రాకముందు శూన్యంలో వేలాడుతూ ఉండదు, నీటిలో ఉంటుంది. దాని ఆక్సిజన్లనూ నైట్రోజన్లనూ నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో పట్టుకొని ఉంటాయి. ప్రొటీన్ గుంటలోనూ నీళ్లుంటాయి. అద్దె ఇల్లు మారేవాడు కొత్త ఇంటి సౌకర్యాలతో పాటు పాత ఇంట్లో వదులుకున్నవీ, సామాను మోయించిన ఖర్చూ లెక్క వేసుకుంటాడు. డాకింగ్ స్కోరు కొత్త ఇంటి సౌకర్యాలను శ్రద్ధగా లెక్కించి, మిగిలినవాటికి ఉజ్జాయింపుగా ఒక అంకె వేసి సరిపెడుతుంది. ప్రొటీన్ ఊపిరి తీసుకుంటున్నట్లు కదులుతూ ఉంటుందన్న సంగతిని చాలా వరకు పక్కన పెడుతుంది. వేగం కావాలంటే ఈ రాజీ తప్పదు, కనుక దాన్ని తప్పు అనను.

ఆ రాజీ ఖరీదు ఎంతో మాత్రం తెలిసి ఉండాలి. గది ఉష్ణోగ్రత దగ్గర మోల్‌కు సుమారు 1.4 కిలోకేలరీల తేడా వస్తే బంధం బలం పది రెట్లు మారిపోతుంది. డాకింగ్ స్కోర్లలో సాధారణంగా ఉండే పొరపాటు రెండు కిలోకేలరీల పైమాటే. రెండు కిలోకేలరీలంటే దాదాపు ముప్పై రెట్లు. ఈ పద్ధతితో వచ్చిన మైనస్ 9.1ను మైనస్ 8.7తో పోల్చి ‘మొదటిది మెరుగైన మందు’ అని రాయడం, బస్తాలు తూచే కాటా మీద బంగారం తూచి ధర కట్టినట్లు ఉంటుంది. అయినా దశాంశం తరువాత రెండు స్థానాల వరకు స్కోర్లు రాసి, ఆ రెండో స్థానం మీద చర్చ నడిపిన థీసిస్‌లు నా బల్ల మీదికి వచ్చాయి. సంతకం పెట్టాను కూడా.

ఇంకో సంగతి మా వృత్తిలో అందరికీ తెలుసు, బయట ఎవరూ చెప్పరు. అణువు పెద్దదయ్యే కొద్దీ తాకే చోట్లు పెరిగి స్కోరు దానంతట అదే మెరుగవుతుంది. మొక్కల అణువుల జాబితాను ఏ ప్రొటీన్ మీద డాక్ చేసినా చక్కెర తోకలున్న రూటిన్, హెస్పెరిడిన్ వంటివి తరచుగా పై వరుసల్లోకి వచ్చేది ఇందుకే. కరోనా అయినా, మధుమేహమైనా, కేన్సరైనా అవే పేర్లు కనిపిస్తే అది అణువుల మహిమో, స్కోరు బలహీనతో అడగాల్సింది పరీక్షకులు.

2020 తొలి వారాల్లో కరోనా వైరస్ ప్రధాన ప్రోటియేజ్ (ప్రొటీన్లను కోసే ఎంజైమ్) నిర్మాణం 6ఎల్‌యూ7 అనే గుర్తింపుతో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఎన్3 అనే నిరోధకం, అంటే ఎంజైమ్ పనిని ఆపే అణువు, ఆ ప్రోటియేజ్‌లోని 145వ సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో నేరుగా సమయోజనీయ బంధంలో (ఎలక్ట్రాన్లు పంచుకునే గట్టి రసాయన బంధంలో) ఉన్న నిర్మాణం అది. అందులోంచి ఎన్3ని తుడిచేసి, ఆ ఖాళీలో తులసి, వేప, పసుపు, తిప్పతీగ అణువులను వరుసగా కూర్చోబెట్టిన వ్యాసాలు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. గుంట ఎన్3 కోసం వంగి ఉన్న గుంట అని గాని, సమయోజనీయ బంధాన్ని మామూలు డాకింగ్ లెక్కించదని గాని చాలావాటిలో ఒక వాక్యమైనా లేదు. మందుల దుకాణాల ముందు జనం బారులు తీరిన రోజుల్లో ‘పసుపులోని అణువు వైరస్‌ను బంధిస్తుంది’ అన్న వార్త చదివి మా ఇంటిపక్క పెద్దాయన రోజుకు నాలుగుసార్లు కషాయం తాగారు. ఆయనకు ఏమీ కాలేదు, సంతోషం. కాని ఆయన నన్ను ‘మీవాళ్లే కదండీ కనిపెట్టారు’ అని అడిగినప్పుడు నా దగ్గర సమాధానం లేదు.

పసుపు సంగతి వచ్చింది కనుక ఒక మాట. కర్కుమిన్ మీద మనకున్న మమకారం అర్థం చేసుకోదగినదే. అయితే శరీర ద్రవాలకు దగ్గరగా ఉండే 7.2 పీహెచ్ ఫాస్ఫేట్ బఫర్‌లో దాన్ని వేస్తే అరగంటలో తొంభై శాతం విచ్ఛిన్నమైపోతుందని 1997లోనే కొలిచి చూపారు. గుంటలో అది ఎంత అందంగా ఇమిడినా, అక్కడికి చేరేసరికి ఎంత మిగులుతుందన్న ప్రశ్నకు డాకింగ్ దగ్గర జవాబు ఉండదు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకుంటాను. పన్నెండేళ్ల కిందట నేనూ ఇటువంటి వ్యాసం ఒకటి ప్రచురించాను. మొక్కల్లో దొరికే పేరున్న ఫ్లేవనాయిడ్‌ను కొద్దిగా మార్చిన అణువు, చక్కటి స్కోరు, నాలుగు హైడ్రోజన్ బంధాలతో ముచ్చటైన బొమ్మ. రెండేళ్ల తరువాత వేరే నగరంలోని మిత్రుడు దాన్ని తయారుచేసి ఎంజైమ్‌తో కలిపి చూశాడు. ఎంజైమ్ ఆగిపోయింది. ఫోన్‌లో ఇద్దరం చిన్నపిల్లల్లా కేకలు వేశాం. మరునాడు అతను అదే ద్రావణంలో ట్రైటాన్ అనే డిటర్జెంట్ ఒక్క చుక్క కలిపాడు. ఎంజైమ్ మళ్లీ మామూలుగా పనిచేయసాగింది. కొలత తీసే చిన్న గాజు పాత్రను (క్యువెట్‌ను) వెలుతురుకు ఎత్తి చూస్తే, డిటర్జెంట్ వేయనిదానిలో పలచటి పాలపొర వంటి మసక. మా అణువులు గుంటలో ఇమడలేదు; నీటిలో కరగక ఒకదానికొకటి ముద్దలు కట్టి, ఆ ముద్దలు ఎంజైమ్‌ను పట్టుకొని కదలనివ్వలేదు; డిటర్జెంట్ వాటిని విడగొట్టింది. ఇలాంటి మాయ నిరోధకాల గురించి బ్రయన్ షోయికెట్ బృందం అప్పటికే వివరంగా రాసింది, నేను చదివాను కూడా. నా అణువుకు అది వర్తిస్తుందని మాత్రం అనుకోలేదు. పత్రికకు దిద్దుబాటు పంపితే వేశారు. ఇప్పటికీ ఆ వ్యాసాన్ని ఉదహరించేవారు ఉన్నారు, దిద్దుబాటును ఉదహరించినవారు ఇంతవరకు నాకు కనిపించలేదు.

ఇంత రాసినంత మాత్రాన లెక్కల వల్ల మందులు రావని అనుకోకండి. ఫ్లూ వైరస్‌లోని న్యూరమినిడేజ్ అనే ఎంజైమ్ నిర్మాణం 1983లో ఆస్ట్రేలియాలో బయటపడ్డాక, పీటర్ గుడ్‌ఫోర్డ్ రాసిన గ్రిడ్ అనే ప్రోగ్రాముతో ఆ గుంటలో ఏ మూల ధనావేశం పెడితే బలంగా అతుక్కుంటుందో చూశారు. చూసి ఊరుకోలేదు. అక్కడున్న హైడ్రాక్సిల్ తీసి అమైన్ పెట్టి కొలిస్తే బంధం సుమారు వంద రెట్లు బలపడింది. గ్వానిడిన్ పెడితే అంతకన్నా ఎంతో ఎక్కువ. 1993లో ప్రచురించిన ఆ అణువే 1999లో జనామివిర్ పేరుతో మందుగా ఆమోదం పొందింది. కరోనా కాలంలోనే జపాన్‌లో షియోనోగి సంస్థ ఎన్‌సిట్రెల్విర్ అనే కరోనా మందుకు దారి వేసుకున్నది కూడా కంప్యూటరు జల్లెడతోనే, కాని జల్లెడ దిగినవాటిని వెంటనే ఎంజైమ్‌తో పరీక్షించింది. 2020 మార్చిలో మొదలైన కోవిడ్ మూన్‌షాట్ అనే బహిరంగ ఉమ్మడి పరిశోధన ఇంకా చెప్పుకోదగినది. ప్రపంచం నలుమూలల నుంచి 18,000కు పైగా అణువుల నమూనాలు వస్తే, అందులో 2,400కు పైగా నిజంగా తయారుచేసి, 10,000కు మించిన కొలతలు తీసి, పనిచేసినవీ పనిచేయనివీ అన్నీ బయట పెట్టారు. నా విద్యార్థులు ఈనాటికీ తమ లెక్కలను సరిచూసుకునేది ఆ పనిచేయనివాటితోనే.

కృత్రిమ మేధ వచ్చాక ఇదంతా పాతబడిందని ఈమధ్య సమావేశాల్లో వింటున్నాను. 2024 రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం ప్రొటీన్ రూపకల్పనకు డేవిడ్ బేకర్‌కూ, మిగిలిన సగం నిర్మాణాల ఊహకు డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకూ దక్కింది, అది న్యాయమే. అయితే హసాబిస్, జంపర్‌ల ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రామును ప్రపంచం ఎందుకు నమ్మిందో గుర్తు చేసుకోవాలి. 1994 నుంచి కాస్ప్ అనే పోటీ నడుస్తోంది. ప్రయోగశాలలో తేలినా ఇంకా ప్రచురించని నిర్మాణాలను దాచిపెట్టి, ముందు మీ ఊహ పంపండి, తరువాత జవాబు చూపిస్తాం అంటారు. 2020లో ఆ పరీక్షలో నెగ్గింది కనుకే అది నిలిచింది. మందు అణువులకూ ఇటువంటి ప్రయత్నం టొరంటో కేంద్రంగా కాష్ పేరుతో జరుగుతోంది: పాల్గొన్నవారు సూచించిన అణువులను కొని, కొలిచి, ఎవరి పద్ధతి ఏమాత్రమో చెబుతారు. మన దేశంలోనూ 2020 జులైలో ప్రారంభించిన డ్రగ్ డిస్కవరీ హ్యాకథాన్‌లో అణువులను కంప్యూటరు మీద గుర్తించడం ఒకరి వంతు, వాటిని సంశ్లేషించి ప్రయోగశాలలో పరీక్షించడం సీఎస్ఐఆర్ (కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి) వంతు అని ప్రకటించారు. ఆ పనివిభజనే ప్రతి థీసిస్‌కూ వర్తింపజేయమంటున్నాను.

నేను కోరుతున్నవి కొన్నే. సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) దశలోనే, ఆ ప్రొటీన్‌కు ఇప్పటికే తెలిసిన నిరోధకాన్ని విద్యార్థి సరైన భంగిమలో తిరిగి కూర్చోబెట్టగలిగాడా, పనిచేయవని తెలిసినవాటిని స్కోరు కిందికి నెట్టిందా అని అడగండి. ఇన్‌పుట్ ఫైళ్లు థీసిస్‌తో పాటు భద్రపరచమనండి. ఇందుకు పైసా ఖర్చు లేదు.

తరువాతిది ఖర్చుతో కూడినది, ముఖ్యమైనదీ అదే. ‘ఔషధ రూపకల్పన’ అని శీర్షికలో ఉన్న ప్రతి ప్రాజెక్టులో కొలతల కోసం విడిగా పద్దు పెట్టించండి. పట్టికలో పైనున్న ఐదింటితో పాటు అట్టడుగున ఉన్న ఐదింటినీ కొలిపించండి. దీన్ని ఎవరూ అడగరు. అడుగునున్నవీ పైనున్నవీ ఒకేలా పనిచేస్తే, లేక ఒకేలా విఫలమైతే, స్కోరు ఏమీ ఎంచలేదని తెలుస్తుంది. పైవాటిని మాత్రమే కొలిస్తే ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. డిటర్జెంటుతో ఒకసారి, లేకుండా ఒకసారి. అంతే.

డబ్బు లేదంటారని తెలుసు. వ్యాసం అచ్చు వేయడానికి లక్ష రూపాయల పైన వసూలు చేసే పత్రికలు ఉన్నాయి, వాటికి కట్టడానికి మన సంస్థలు ఏదో ఒక పద్దు వెతుకుతూనే ఉన్నాయి. ఆ సొమ్ముతో బజారులో దొరికే అణువులు కొన్ని కొని ఒక ఎంజైమ్ పరీక్ష చేయించవచ్చు. తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, ఆ పక్కనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, బాలానగర్‌లో ఔషధ విద్యాసంస్థ నైపర్ ఉన్న నగరం మనది. కొలిచే యంత్రాలు లేవని హైదరాబాదులో కూర్చొని అనలేము. గుంటూరు, వరంగల్, కాకినాడల నుంచి వచ్చే విద్యార్థికి ఆ యంత్రాల దగ్గర నెలకు కొన్ని రోజులు కేటాయించేలా నిధుల సంస్థలు ఒప్పందం కుదర్చాలి; గైడుకు ఎవరైనా పరిచయస్థులు ఉంటేనే పని జరిగే ఇప్పటి పద్ధతి మారాలి.

కొలిస్తే చాలా అణువులు పనిచేయవని తేలుతుంది. అప్పుడు విద్యార్థి గతి ఏమిటన్నది నిజమైన ప్రశ్న. ‘ఈ ఇరవై అణువులు పనిచేస్తాయని లెక్క చెప్పింది, పద్దెనిమిది పనిచేయలేదు, ఎందుకంటే గుంటలోని ఈ నీటి అణువును లెక్కలో వదిలేశాం’ అని రాసిన థీసిస్‌కు పట్టా ఇవ్వవచ్చని మీ నిబంధనల్లో స్పష్టంగా రాయండి. పీహెచ్‌డీకి ముందు వ్యాసం తప్పనిసరి అన్న షరతును యూజీసీ 2022లో తొలగించింది. వాడుకలో అది ఇంకా చాలాచోట్ల కొనసాగుతోంది. ఓటమిని అచ్చు వేసే పత్రికలు తక్కువ కనుక, ఆ వాడుక పిల్లలను అబద్ధపు గెలుపుల వైపు నెడుతోంది. కొలిచే వీలు బొత్తిగా లేని చోట డాకింగ్‌ను పద్ధతి నేర్చుకునే అభ్యాసంగా ఆమోదించండి, శీర్షికలో ‘మందు’, ‘నిరోధకం’ అన్న మాటలు మాత్రం తీసేయించండి.

నగరం చుట్టూ ఉన్న మందుల కంపెనీలకు కూడా ఒక విన్నపం. మీ సొరుగుల్లో పనిచేయక మూలపడిన అణువుల కొలతలు వేల సంఖ్యలో ఉంటాయి. పేటెంటు అక్కర తీరిపోయినవాటిని పంచుకుంటే మాకు అంతకు మించిన పాఠ్యపుస్తకం ఉండదు. క్షయ మందుల కోసం సీఎస్ఐఆర్ 2008లోనే బహిరంగ పరిశోధన వేదికను ప్రారంభించిన దేశానికి ఇది వింత ఆలోచన కాకూడదు.

నా విద్యార్థిని రెండో పట్టికలోని అణువుల్లో ఆరు బజారులో దొరుకుతున్నాయి, పైవి మూడు, అడుగువి మూడు. మా దగ్గర మిగిలిన కంటింజెన్సీ (చిల్లర ఖర్చుల) సొమ్ము నాలుగింటికే సరిపోతుంది. ఏ రెండింటిని వదలాలో తేల్చుకోలేక ఆమె ఇంకా ఆర్డరు పెట్టలేదు. ఆరింటినీ తెప్పించమనీ, మిగతాది నేను చూసుకుంటాననీ నిన్న చెప్పాను. మీ తదుపరి సమావేశపు అజెండాలో ఈ అంశాన్ని చేర్చి కబురు చేస్తే, ఆ ఆరు కొలతలు ఎలా వచ్చినా సరే, వాటితోనే మీ ముందుకు వస్తాము.

భవదీయుడు,
గణన రసాయనశాస్త్ర అధ్యాపకుడు
హైదరాబాదు